బ్యాండు మేళము – బాణీ కట్టినవారు

కొత్తపల్లెలో పెండ్లి మెరవణి బయలుదేరినదనగా ముందు నడచునది బ్యాండు మేళము. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ఏ ఊరైనను ఇంతే. సన్నాయి, డోలు పందిటిలో మంగళవాద్యములై కూర్చుండును. క్లారినెట్టు, ట్రంపెట్టు, పెద్ద డ్రమ్ము వీధిలో నిలుచును. పందిటిలోని విద్వాంసుని పేరడిగి తెలిసికొందుము, వీలైన శాలువ కప్పుదుము. వీధిలో ఎండకు నిలిచి ఊదినవాని పేరు అడుగువారుండరు. భోజనమునకు పిలుపు కూడ కట్టకడపటనే. ఈ వాద్యమునకు స్వంత సాహిత్యము లేదనియు, దొరలు విడిచిపోయిన ఎరువుసొమ్మనియు మనలో ఒక చులకనభావము పాతుకొని ఉన్నది. ఆ భావము చరిత్ర ముందు నిలువదని మేము తలంచుచున్నాము.

దత్తమండలములు 1800లో నిజాము నుండి కంపెనీకి దక్కినవి. కర్నూలు నవాబు ఏలుబడి 1839లో ముగిసినది. కంపెనీ పటాలమున్నచోట బ్యాండు ఉండెడిది. అయితే మన సంగీతమునకు ఆ బ్యాండు పరిచయమైనది ఇక్కడ కాదు, చెన్నపట్నపు కోటలో.

చెన్నపట్నము చేరువనున్న మణలిలో ముద్దుకృష్ణ మొదలియారు ఆదరమున రామస్వామి దీక్షితుల కుటుంబము నివసించినది. మొదలియార్లకు కంపెనీవారితో వ్యవహారము, సెయింటు జార్జి కోటకు రాకపోకలు ఉండెడివి. వారితోపాటు కోటకు పోయి, అక్కడి బ్యాండు విన్నవారు దీక్షితులవారి కుమారులు. వారిలో చిన్నవాడు బాలుస్వామి ఒక ఐరోపీయుని వద్ద ఫిడేలు నేర్చి, దానిని మన సంగీతమునకు అలవాటు చేసినాడు. నేడు ఫిడేలు లేని కచ్చేరి లేదు కదా! పెద్దవాడు ముత్తుస్వామి దీక్షితులు చేసినది వేరు. విన్న వరుసలను మనసున నిలుపుకొని, వాటికి సంస్కృతమున మాటలు కూర్చినాడు. అట్టివి సుమారు 40 కలవు. నోటు అను ఇంగ్లీషు మాట నుండి వీటికి నొట్టుస్వరములని పేరు వచ్చినది.

ఆ పని ఎంత సున్నితమైనదో కొంచెము విచారింతము. బ్యాండు వరుసలలో గమకము లేదు. ఒక్కొక్క స్వరము మెట్టు మీద అడుగు పెట్టినట్లు విడివిడిగా నిలుచును. వారి మేజరు స్కేలు స్వరములు మన శంకరాభరణపు స్వరములే గనుక రాగమునకు చిక్కు లేదు. చిక్కంతయు మాటలలోనే. దీర్ఘస్వరము మీద దీర్ఘాక్షరము, తేలిక స్వరము మీద లఘువు పడవలెను, స్తోత్రార్థము చెడరాదు. ఇంగ్లండు రాజగీతమైన గాడ్ సేవ్ ది కింగ్ వరుసలో దీక్షితులు ‘సంతతం పాహి మాం’ అని దేవిని స్తుతించినాడు. లిమెరిక్ అను ఐర్లండు నాట్యపు వరుస ‘వందే మీనాక్షి’ అయినది. సంగీతము నేర్చు పిల్లలకు నేడు తొలినాళ్లలోనే చెప్పు ‘శక్తి సహిత గణపతిం’ కూడ ఈ కోవలోనిదే. కొందరు రసికులు వీటిని బాల్యక్రీడ యని తోసివేయుదురు. నవావరణ కృతులు రచించిన చేతికి ఇవి చిన్నవే. కాని పరాయి వరుసను ఇంత శుభ్రముగ ఇంటిలోనికి తెచ్చుకొన్నవారు మరియొకరు ఏరి? ఆ రాజగీతపు వరుస మొదట ఎవరు కట్టిరో ఇంగ్లండులోనే తేలలేదు. సాహిత్యము కూర్చినవాని పేరు మాత్రము మన చేతిలో ఉన్నది.

త్యాగరాజస్వామి తెలుగు కృతులలోను ఈ గాలి సోకినదని పెద్దలు చెప్పుదురు. ‘వరలీల గానలోల’ విన్నవారికి ఆ నడక తెలియును. తంజావూరిలో 1798 నుండి 1832 వరకు ఏలిన శరభోజి మహారాజు ఆస్థానములోనే పాశ్చాత్య బ్యాండు నిలిపినాడు.

ఇక మన సీమ సంగతి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నినాళ్లుండెను. ప్రధానాచార్యుడు జేమ్సు కజిన్సు. ఆయన భార్య మార్గరెట్టు పాశ్చాత్య సంగీతమున పట్టభద్రురాలు. కవి అక్కడ ‘జనగణమన’ పాడి వినిపింపగా, ఆమె ఆ వరుసను స్వరలిపిలో వ్రాసి భద్రపరచినది. కవి స్వహస్తముతో ఆంగ్లానువాదము వ్రాసి యిచ్చినాడు. 1911లో కలకత్తా కాంగ్రెసులో తొలుత పాడిన గీతము బ్యాండువాండ్రు చదువదగిన లిపిలోనికి వచ్చుటలో మదనపల్లె ఒక మజిలీ. 1947లో ఐక్యరాజ్యసమితి సభలో మన ప్రతినిధులను జాతీయగీత మేదని అడిగినప్పుడు వారివద్దనున్నది ఈ పాట గ్రామఫోను రికార్డే. అక్కడి వాద్యబృందము దానిని అభ్యసించి వాయింపగా, పలుదేశములవారు స్వరప్రతిని కోరిరని నెహ్రూ 1948లో రాజ్యాంగసభకు చెప్పినాడు. బృందవాద్యమునకు దానిని తీర్చినవాడు హెర్బర్టు మరిల్ అను ఆంగ్ల స్వరకర్త యని ప్రసిద్ధి. 1950 జనవరి 24న అది జాతీయగీతమైనది.

ఎరువుసొమ్మను మాటకు ఇంగ్లండు చరిత్రయే జవాబు. అక్కడ ఇత్తడి బ్యాండు గనికూలీలు, మిల్లు కార్మికులు పెంచిన కళ. చాలకాలము వారును ఇతరుల పాటలనే వాయించిరి. 1913లో పెర్సీ ఫ్లెచరు ‘లేబరు అండ్ లవ్’ అను కృతిని బ్యాండుకొరకే వ్రాయగా, అది లండను క్రిస్టలు ప్యాలెసు పోటీలకు పరీక్షాకృతి అయినది. 1928లో గుస్తావు హోల్స్టు ‘మూర్‌సైడు సూట్’ వ్రాసినాడు. ఋగ్వేద సూక్తములను స్వయముగ అనువదించి స్వరపరచుటకు సంస్కృతము నేర్చుకొన్న హోల్స్టు ఇతడే! ఆ యేడే నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు మన ప్రాంతమునకు రాయలసీమ యని పేరు పెట్టినారు. 1930లో ఎల్గారు ‘సెవర్ను సూట్’ వచ్చినది. దొర బిరుదున్న స్వరకర్త కూలివాని బాకాకు పాట వ్రాయుట చిన్నతనమనుకొనలేదు.

మన వీధిమేళములవారికి స్వరప్రతులు అరుదు. క్లారినెట్టువాడు రేడియోలోనో సినిమాలోనో విని వరుస పట్టును. తక్కినవారు అతనివెంట నడుతురు. ఒకమారు విని పట్టు ఆ చెవిని విద్య అనకపోవుట అన్యాయము.

మన దేశపు బ్యాండుకు స్వంత బాణీ కట్టినవారిలో కెప్టెన్ రామసింగు ఠాకూరి పేరు తలపవలెను. గూర్ఖా సైనికుడై, ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, ‘కదం కదం బఢాయే జా’ కు నడక బాణీ కట్టినాడు. ఆంగ్ల ప్రభుత్వము రాజద్రోహమని నిషేధించిన ఆ బాణీకి స్వతంత్ర భారతసైన్యము అడుగు కలిపినది. ఢిల్లీలో ఏటేట జనవరి 29న జరుగు బీటింగ్ రిట్రీటులో ‘సారే జహాఁ సే అచ్ఛా’ నడకబాణీ ఆచార్య లోబో కూర్చినది. విలియం హెన్రీ మాంకు 1861లో కట్టిన ‘అబైడ్ విత్ మీ’ వరుస గాంధీమహాత్మునికి ప్రీతిపాత్రమని అక్కడ దశాబ్దములు మ్రోగినది. 2022లో దానిని తొలగించి ‘ఏ మేరే వతన్ కే లోగో’ చేర్చిరి. రామసింగు 2002లో గతించెను.