పెరటి కోడిపుంజు

గుడ్లు పెట్టడానికి పెట్టలకు పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటేనే కావాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక్కటి చాలు. పుంజులు ఎక్కువైతే పోట్లాటలు, పెట్టల వీపున ఈకలు ఊడటం మామూలే. మేత కనబడితే మంచి పుంజు తాను మింగకుండా ముక్కుతో ఎత్తి వదులుతూ, కొక్కొక్కమని పెట్టలను పిలుస్తుంది. ఒక రెక్క నేలకు వాల్చి పెట్ట చుట్టూ తిరిగితే జత కోరుతున్నట్టు. అదే ఆట మనిషి కాళ్ల దగ్గర ఆడిందంటే, కాలిముల్లుతో తన్నే రోజు ఎంతో దూరం లేదు. పిల్లలున్న ఇంట్లో అలాంటిదాన్ని ఉంచుకోకపోవడమే మేలు.

డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి పిలిచే అసీల్ పుంజులు పోరుకు పేరుబడ్డవి. అసీల్ పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది గానీ, పిల్లల్ని సాకడంలో గట్టిది. గుడ్ల కోసమైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ నయం. అదీ, అక్కడిదే అయిన వనరాజా పొదుగుకు సరిగా కూర్చోవు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెడితే 21 రోజులకు పిల్లలు.