పండిన నటుడు, పండని పాత్ర

కోయిలకుంట్ల అనగానే 1847 ఫిబ్రవరి 22న అక్కడ ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి స్ఫురించును. ఆ వీరగాథ 2019లో ‘సైరా’ చలనచిత్రమై విడుదలైనప్పుడు నాయకపాత్రధారి చిరంజీవిగారికి 64 ఏండ్లు. ఆ వయస్సున అట్టి పాత్ర లభించుట అగ్రనటులకే చెల్లిన భాగ్యము. తక్కినవారి మాట ఏమి?

చిత్తూరు నాగయ్యగారిని స్మరించండి. 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ ఆయనను తెలుగువారికి ఆరాధ్యుని చేసినవి. 1965లో పద్మశ్రీ లభించినది. అయినను 1973లో కన్నుమూయులోపల, చివరి ఏండ్లలో ఆయనకు దక్కినవి ఎక్కువగా చిన్న వేషములే. లోపము నటునిలో లేదు, కథలో ఉన్నది. దీవించుటకో, మరణించుటకో తప్ప వృద్ధుడు కథకు అక్కరకు రాలేదు.

కోయిలకుంట్లకు పొరుగునున్న సిరివెళ్ళ ప్రాంతమువారు జయప్రకాశ్ రెడ్డిగారు. గణితోపాధ్యాయులు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో తెరకు వచ్చినను, ఆయనకు గొప్ప పేరు తెచ్చినది 1999 నాటి ‘సమరసింహారెడ్డి’. అప్పటికి ఆయనకు యాభై దాటినవి. ఆయన నోటి సీమ యాసకు చోటిచ్చిన పాత్ర దొరుకుటే అందుకు కారణము. పిదప తెర ఆయనను చాలవరకు ముఠానాయకునిగనో, హాస్యమునకో వాడుకొన్నది. తెర ఇవ్వని విస్తృతిని ‘అలెగ్జాండర్’ అను ఏకపాత్ర నాటకమున రంగస్థలమే ఇచ్చినది. 2020 సెప్టెంబరు 8న ఆయన గుంటూరులో మరణించినారు.

మన ఇండ్లలోని తాతలు దీవించి ఊరకుందురా? పంతములు పట్టుదురు, తగవులు తీర్తురు, తప్పుచేసి కుములుదురు. శ్రవ్యనాటకమున ముడుతలు కనబడవు. పండిన కంఠమునకే విలువ. ఆ తాతలను రచయిత చూడగలిగిననాడు తెర మీదను నటునకు వార్ధక్యము శాపము కాబోదు.