రెండో ప్రియస్ కోసం క్యూ

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ అమెరికా సేనల వశమైంది. ఆ నెలలోనే న్యూయార్క్‌లో ఏటా జరిగే మోటార్ షో మొదలైంది. టీవీల నిండా ఇరాక్ యుద్ధం, చమురు కబుర్లు నడుస్తుండగా మాన్‌హాటన్‌లోని జావిట్స్ సెంటర్‌లో టయోటా ఒక కారును చూపించింది. బానెట్ నుంచి నడినెత్తి దాకా ఒకే వాలుగా లేచి, అక్కణ్నుంచి వెనక్కి మెల్లగా జారి, చివర కత్తితో కోసినట్టు ఆగిపోయే ఆకారం. పేరు మాత్రం పాతదే, ప్రియస్.

అమెరికా రోడ్ల మీద అప్పట్లో రాజ్యం పెద్ద బళ్లది. సైన్యం బండిని పోలిన హమ్మర్ హెచ్2 అంతకు ముందు ఏడాదే మార్కెట్లోకి వచ్చి జోరుగా అమ్ముడవుతోంది. 2003 మే నెలలో వచ్చిన పన్నుల చట్టంతో, మొత్తం బరువు సామర్థ్యం 6,000 పౌండ్లు దాటే బండిని వ్యాపారం కోసం కొన్నవారు లక్ష డాలర్ల దాకా ఖర్చును ఆ ఏడాది ఆదాయంలోంచే మినహాయించుకునే వీలు కలిగింది. హైబ్రిడ్ కొన్నవారికి దొరికే మినహాయింపు 2,000 డాలర్లు. ప్రభుత్వం తక్కెడ ఎటు మొగ్గిందో ఈ రెండు అంకెలే చెబుతాయి. అలాంటి చోట, అలాంటి వేళ, ఒక పొదుపు కారు కోసం జనం నెలల తరబడి కాచుకుని కూర్చుంటారని ఎవరనుకుంటారు? తయారుచేసిన కంపెనీ కూడా అనుకోలేదు. ప్రియస్ కథలో నన్ను పట్టి నిలిపేది ఇదే. ఈ కారు ఆకారం మార్చుకున్న దాదాపు ప్రతిసారీ, దాని కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎందరన్న లెక్క ఎటో ఒకవైపుకు తప్పుతూనే వచ్చింది.

కథ పదేళ్లు వెనక మొదలైంది. 21వ శతాబ్దపు కారు ఎలా ఉండాలన్న ఆలోచనతో టయోటా 1993లో జీ21 అనే ప్రాజెక్టు పెట్టింది. ఆ మరుసటి ఏడాది దాని పగ్గాలు తకేషి ఉచియమాడా చేతికి వచ్చాయి. ఆయన నైపుణ్యం కార్లలో చప్పుడు, అదురు తగ్గించడంలో. ఒక కారును మొదటి నుంచి చివరి దాకా తయారుచేయించిన అనుభవం ఆయనకు లేదు. ఉన్న కార్ల కన్నా మైలేజీ ఒకటిన్నర రెట్లు ఉంటే చాలని ఆయన బృందం అనుకుంది. పై అధికారి అకిహిరో వాడా ఒప్పుకోలేదు, రెండింతలు కావాలన్నారు. మామూలు ఇంజన్ను ఎంత సానబెట్టినా రెండింతలు రాదు. అలా గత్యంతరం లేక హైబ్రిడ్ దారి పట్టారు. 1995 చివర్లో మొదటి నమూనా కారు తయారైంది కానీ కదల్లేదు. ఒకటి కాదు రెండు కాదు, 49 రోజులు ఉన్నచోటే ఉండిపోయింది. చివరికి కదిలి, 500 మీటర్లు వెళ్లి ఆగింది. ఆ స్థితిలో ఉన్న ప్రాజెక్టుకు అధ్యక్షుడు హిరోషి ఒకుడా గడువును ఇంకా ముందుకు జరిపి 1997 డిసెంబర్ అన్నారు. ఆ మాట నిలబడింది. 1997 డిసెంబర్ 10న జపాన్‌లో ప్రియస్ అమ్మకాలు మొదలయ్యాయి, ధర 21 లక్షల 50 వేల యెన్లు. మర్నాడే క్యోటోలో వాతావరణ ఒప్పందం ఖరారైంది.

ఆ కారు ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే మన జోడెడ్ల బండి సరిగ్గా సరిపోతుంది. ఒక ఎద్దు పెట్రోలు ఇంజన్, రెండోది విద్యుత్ మోటారు. బండి కదిలేటప్పుడు, మెల్లగా పోయేటప్పుడు రెండోది ఒక్కటే లాగుతుంది. వేగం అందుకున్నాక మొదటిది కాడి భుజానికెత్తుకుంటుంది. మెట్ట ఎక్కాల్సి వస్తే రెండూ కలిసి లాగుతాయి. పల్లంలో దిగుతున్నప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు రెండో ఎద్దు లాగడం మానేసి మేత మేస్తుంది, అంటే మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. ఎవరెంత లాగాలో పంచే పని మధ్యలో ఉన్న చిన్న పళ్లచక్రాల గుత్తిది. నడుమ ఒక సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వాటిని చుట్టి ఒక వలయం. క్లచ్చి లేదు, గేర్లు మార్చే పనే లేదు. ఆ గుత్తి ఇప్పటికీ ఈ కుటుంబంలోని కార్లన్నిటికీ గుండెకాయ.

2000లో ఆ మొదటి ప్రియస్ అమెరికా చేరింది. అంతకు కొన్ని నెలల ముందే హోండా వారి ఇన్‌సైట్ అక్కడ కాలుపెట్టింది కానీ అందులో ఉన్నవి రెండే సీట్లు. ప్రియస్‌లో ఐదుగురు కూర్చోవచ్చు. కొన్నవాళ్లు దాన్ని ఇష్టపడ్డారు, దానితో సర్దుకుపోయారు కూడా. వెనక సీటు వీపున బ్యాటరీ ఉండేది కాబట్టి సీటు మడవడానికి కుదరదు, డిక్కీ చిన్నది. వేగం అందుకోవడానికి తీరుబడి కావాలి. అన్నిటికన్నా ఇబ్బంది ఏసీతో వచ్చేది. దాని కంప్రెసర్ తిరగాలంటే ఇంజన్ తిరగాలి. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగితే పెట్రోలు మిగిలేది, చల్లగాలి మాత్రం పోయేది. రెండింటిలో ఒకటే దక్కేది.

కొత్త ప్రియస్ రూపకర్తలు చీఫ్ ఇంజనీర్ మసావో ఇనోవే నాయకత్వంలో ఈ ఫిర్యాదులన్నిటినీ ఒకటొకటిగా తుడిచేశారు. అందులో అసలైన కిటుకు బయటికి కనిపించదు. విద్యుత్ శక్తి అంటే వోల్టేజీని కరెంటుతో గుణించగా వచ్చేది. వోల్టేజీ పెంచితే అదే కరెంటుతో ఎక్కువ పని చేయించవచ్చు. దానికోసం బ్యాటరీలో ఇంకా సెల్స్ పేర్చాలనుకుంటే బరువూ ఖర్చూ పెరుగుతాయి. వీళ్లు సెల్స్ తగ్గించారు. బ్యాటరీ 274 వోల్టుల నుంచి దాదాపు 202కు దిగింది. దానికీ మోటారుకూ మధ్య వోల్టేజీని 500 దాకా ఎగదోసే ఒక పరికరం పెట్టారు. బ్యాటరీ చిన్నదయింది, మోటారు సత్తా మాత్రం 33 కిలోవాట్ల నుంచి 50కి ఎగబాకింది. గంటకు 60 మైళ్ల వేగం దాదాపు 10 సెకన్లలో అందేది. ఏసీ కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టు నుంచి విడదీసి బ్యాటరీకి కలిపారు, ఇక ఇంజన్ ఆగినా చల్లదనం ఆగదు. డిక్కీ స్థానంలో పైకి లేచే వెనక తలుపు వచ్చింది, వెనక సీటు మడతపడింది. గాలిని చీల్చుకుపోయే తీరు చెప్పే అంకె 0.26కు తగ్గింది. ఇంతా చేసి అమెరికాలో మొదలు ధరను 2000 నాటి 19,995 డాలర్ల దగ్గరే ఉంచారు. నా దృష్టిలో ఈ మార్పు మొత్తంలోనూ మెచ్చుకోవలసిన నిర్ణయం ఆ ధరే.

2003 అక్టోబర్‌లో అక్కడ అమ్మకాలు మొదలయ్యాయి. అమెరికాకు ఏడాదికి 36,000 కార్లు చాలని వేసిన లెక్క కొద్ది వారాలకే చాల్లేదు, 47,000కు పెంచారు. అదీ చాల్లేదు. 2004లో అక్కడ అమ్ముడైనవి దాదాపు 54,000. కొన్ని ఊళ్లలో ఆరు నెలలు ఆగితే కానీ కారు చేతికి రాలేదు. మోటార్ ట్రెండ్ పత్రిక దాన్ని 2004కు మేటి కారుగా ఎంచింది, ఉత్తర అమెరికా మేటి కారు బహుమతి కూడా దానికే దక్కింది. 2005లో యూరప్ మేటి కారు కూడా అదే. టయోటా నెలకు 10,000గా ఉన్న ఉత్పత్తిని 15,000కు పెంచింది. 2005లో అమెరికా అమ్మకాలు ఒక్కసారిగా లక్ష దాటాయి.

మా పిన్ని కొడుకు అప్పట్లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండి శాన్‌హోసే ఆఫీసుకు వెళ్లొచ్చేవాడు. ఒక రోజు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, చేతిలో డబ్బు పెట్టుకుని అడిగినా కారు లేదంటున్నారు. పేరు రాసుకున్నారు, రంగు ఎంచుకోవడం కుదరదట’ అన్నాడు. మా నాన్న పక్కనుండి విని, చేతక్ స్కూటర్ బుక్ చేసి ఏళ్లకేళ్లు ఆగిన రోజులు తలచుకున్నారు. ఆ ఎదురుచూపు వేరు, లైసెన్సుల కాలపు కొరత అది. పొద్దున షోరూంకు వెళ్లి సాయంత్రానికి కారు తోలుకొచ్చే దేశంలో, పక్క షోరూంలో పదిరకాల కార్లు నిలబడి ఉండగా, ఒకే కారు కోసం ఆగడం మాకు వింతగా తోచింది.

అలా ఆగడానికి వాడికో కారణం ఉంది. గాలన్‌కు 45 మైళ్లు దాటే హైబ్రిడ్లకు, లోపల డ్రైవర్ ఒక్కడే ఉన్నా కార్‌పూల్ వరసలో పోయేలా కాలిఫోర్నియా 2005 ఆగస్టు నుంచి పసుపురంగు స్టిక్కర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొత్తం 85,000 ఇచ్చి ఆపేసింది. ఆ స్టిక్కర్ ఉన్న పాత ప్రియస్ అది లేనిదాని కన్నా ఎక్కువకు అమ్ముడయ్యేది. 2006 నుంచి కేంద్రం ప్రియస్ కొన్నవారికి 3,150 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చింది. అయితే ఒక కంపెనీ 60,000 హైబ్రిడ్లు అమ్మగానే రాయితీ కరగడం మొదలయ్యేలా చట్టం రాశారు. అంటే బాగా అమ్ముడైనవాడికే ముందు కోత. అదే ఏడాది అక్టోబర్‌కు రాయితీ సగమైంది, మరో ఏడాదికి పూర్తిగా పోయింది. అయినా 2007లో అమెరికన్లు 1,81,000కు పైగా ప్రియస్‌లు కొన్నారు.

పెట్రోలు ధర, పన్ను రాయితీ, స్టిక్కర్ చాలావరకు కారణం చెబుతాయి, పూర్తిగా చెప్పవు. హోండా సివిక్ హైబ్రిడ్‌కూ స్టిక్కర్ దొరికేది, మైలేజీ కూడా మంచిదే. అది ప్రియస్ దరిదాపులకు రాలేదు. ఆరు సిలిండర్ల అకార్డ్ హైబ్రిడ్‌ను 2007లో ఆపేశారు. ఆ రెండూ చూడ్డానికి మామూలు సివిక్, మామూలు అకార్డే. ప్రియస్‌ను మాత్రం అర మైలు దూరం నుంచి గుర్తుపట్టవచ్చు. తామేమిటో నలుగురికీ చెప్పే కారు కాబట్టే కొన్నామని సగానికి పైగా ప్రియస్ యజమానులు 2007లో ఒక సర్వేలో ఒప్పుకున్నారు. స్టీవెన్ సెక్స్‌టన్, అలిసన్ సెక్స్‌టన్ అనే ఆర్థికవేత్తలు వాషింగ్టన్, కొలరాడో రాష్ట్రాల లెక్కలు తీసి, అలా కనిపించడానికి జనం ఎన్ని డాలర్లు అదనంగా ఇస్తారో అంచనా కట్టారు. కొన్నిచోట్ల అది వేలల్లో తేలింది. దీన్ని ఆడంబరమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. బంగారం గొలుసు కనిపించాలని వేసుకునే మనుషులు, పొదుపు కూడా కనిపించాలని కోరుకుంటే తప్పేముంది?

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వ పరీక్షలో ఆ కారుకు వచ్చిన 55 మైళ్లు, అంటే లీటరుకు 23 కిలోమీటర్లకు పైగా, రోడ్డు మీద చాలామందికి రాలేదు. పరీక్ష పద్ధతిని 2008 మోడళ్ల నుంచి మార్చాక అదే కారు లెక్క 46కు దిగింది. కారు మారలేదు, కొలబద్ద మారింది.

మూడో ప్రియస్ నాటికి ఎదురుచూపు జపాన్‌కు మళ్లింది. 2009 ఫిబ్రవరిలో హోండా కొత్త ఇన్‌సైట్‌ను 18 లక్షల 90 వేల యెన్లకే దింపింది. టయోటా తన కొత్త కారును మే 18న 20 లక్షల 50 వేల యెన్లకు, అంటే పాత మోడల్ కన్నా తక్కువకే ఇచ్చింది. అక్కడితో ఆగకుండా పాత మోడల్‌ను కూడా సరిగ్గా ఇన్‌సైట్ ధరకే అమ్మకానికి ఉంచింది. నెలకు 10,000 అమ్మితే చాలనుకున్నారు. విడుదలకు ముందే 80,000 బుకింగులు వచ్చాయి, మొదటి నెలకు 1,80,000 అయ్యాయి, అనుకున్నదానికి 18 రెట్లు. అంతటి గిరాకీ వెనకే దెబ్బ కూడా వచ్చింది. 2010 ఫిబ్రవరిలో బ్రేకుల సాఫ్ట్‌వేర్ సరిచేయడానికి ప్రియస్‌తో పాటు మరికొన్ని హైబ్రిడ్లు, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4,37,000 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

2015లో వచ్చిన నాలుగోదాని విషయంలో లెక్క రెండోవైపుకు తప్పింది. జపాన్‌లో మొదటి నెలలోనే లక్ష బుకింగులు వచ్చాయి కానీ అమెరికా మొహం తిప్పుకుంది. కిందికి జారిన పదునైన హెడ్‌లైట్లు చాలామందికి నచ్చలేదు. అప్పుడే అక్కడ పెట్రోలు గాలన్ రెండు డాలర్ల లోపుకు పడిపోయింది. పైగా ఇతర కార్లలోనూ హైబ్రిడ్ రకాలు వచ్చేశాయి. మూడేళ్లకు ముందు వెనక మొహాలు మార్చి నెమ్మదైన రూపం ఇచ్చారు.

దాంతో ఐదోది అసలు ఎందుకన్న ప్రశ్న లేచింది. ప్రియస్‌ను ఇక టాక్సీగా, అందరికీ పనికొచ్చే సాదా బండిగా మలుద్దామని అప్పటి అధ్యక్షుడు అకియో టయోడా సూచించారట. బృందం ససేమిరా అంది. చూడగానే మనసు పడే రూపం, తోలితే హుషారిచ్చే బండి కావాలని పట్టుబట్టింది. 2022 నవంబర్‌లో కారును చూపించిన రోజున డిజైన్ అధిపతి సైమన్ హంఫ్రీస్ ఈ తగువును వేదిక మీదే చెప్పారు. గెలిచింది ఉద్యోగులు. ఆ కారు 2024లో ప్రపంచ మేటి కార్ డిజైన్ బహుమతి, ఉత్తర అమెరికా మేటి కారు బహుమతి రెండూ అందుకుంది.

మన దేశానికి ప్రియస్ 2010 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోతో వచ్చింది. దిగుమతి సుంకంతో కలిపి ధర 26 లక్షల 55 వేల రూపాయలు. అమెరికాలో గుమాస్తా కొనగలిగిన కారు ఇక్కడ కోటీశ్వరుడి సరదా అయిపోయింది. ప్రియస్ ఇక్కడ నిలదొక్కుకోలేదు కానీ దాని వంశం నిలిచింది. కర్ణాటకలోని బిడదిలో తయారయ్యే ఇన్నోవా హైక్రాస్, హైరైడర్ హైబ్రిడ్లలో ఉన్నది ఆ సూర్యచక్రం, గ్రహచక్రాల గుత్తే. జీఎస్టీ కింద విద్యుత్ కార్లకు పన్ను 5 శాతం అయితే ఇలాంటి హైబ్రిడ్లకు సెస్సుతో కలిపి 43 శాతం పడేది, 2025 సెప్టెంబర్‌లో అది 40 అయింది. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో వీటికి రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. ఇంత పన్ను మోస్తూ కూడా హైక్రాస్ వచ్చిన కొత్తలో కొనేవాళ్లు నెలలకు నెలలు ఆగారు. పన్ను తగ్గితే గిరాకీ ఎంతుంటుందో ఊహించడం కష్టం కాదు. కంపెనీలు ఆ లెక్క కూడా తక్కువే వేస్తాయేమో.

పోయిన మే నెలలో ఒక పెళ్లికి వెళ్తూ బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అలాంటి అద్దె ఇన్నోవాలో సిగ్నల్‌కు చిక్కుకున్నాను. మిట్టమధ్యాహ్నం, బయట గాలి నిప్పులు కక్కుతోంది. బండిలో ఇంజన్ ఆగిపోయింది. మా అత్తయ్య కంగారుపడి, ‘బాబూ, బండి ఆగినట్టుంది, ఏసీ కూడా పోతుందేమో చూడు’ అంది. డ్రైవర్ నవ్వి, ‘పోదమ్మా, అది బ్యాటరీ మీద నడుస్తుంది’ అన్నాడు. సిగ్నల్ పచ్చబడేదాకా చల్లగాలి అలా వస్తూనే ఉంది.