గుమ్మిల గింజలు

జర మంట ఎగదోయుండ్రి బిడ్డా, చెప్త. కరోనా అంటె మీకు ఫోన్ల సదువులే యాదికున్నయి. నాకు పాలిచ్చే తల్లులు యాదికొస్తరు.

2020 మార్చి 22 నాడు జనతా కర్ఫ్యూ అంటె ఒక్క దినమే గదా అనుకున్నం. 25 నుంచి దేశమంత బందు. జహీరాబాద్ల ఫ్యాక్టరీలు, ఆటోలు, అడ్డమీది కూలి అన్ని ఆగినయి. బొంబాయి రోడ్డెంబడి నెత్తిన మూటలు, సంకన పిల్లలతోని కర్ణాటక దిక్కు ఒకటే నడక. ఒక తల్లి మన చింతచెట్టు కింద కూలబడ్డది. రొమ్ము నోట్లె పెడితె పిల్ల గుంజి గుంజి ఏడుస్తది, పాలు రావు. తల్లి కడుపుల ఏమన్న ఉంటెగద! మా యారాలు చెంబెడు జొన్న అంబలి, ఉల్లిగడ్డ తెచ్చిచ్చింది. ఇంకో చెంబు అడిగి తాగింది. జర సేపాగి పిల్లను మళ్ల రొమ్ముకు పెట్టుకుంది.

సర్కారు ఏమియ్యలేదని నేననను. కార్డుంటె మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చిరి. అంగన్‌వాడి మూసినా టీచరమ్మ గుడ్లు, బాలామృతం ఇంటికే తెచ్చేది. మరి కార్డు లేనోళ్లో? మీ చిన్నత్త అప్పుడు పట్నంల కిరాయికుండె. సంకన రెండేండ్ల పోరడు, కడుపుల ఇంకొకటి. చేతులున్న పైసలు కిరాయికి, పాలపాకెట్లకు పాయె. వట్టన్నం, కారం. ఆఖరికి పోలీసోళ్ల కండ్లు గప్పి పొలాలెంబడి నడిసొచ్చింది.

ఇక్కడ మనింట్ల మాత్రం గింజకు కరువు లేదప్పుడు. యాసంగి తెల్లజొన్న కల్లం దాటి ఇంటికొచ్చె, గుమ్ముల్ల కొర్రలు, సామలు, యేపాకు కలిపిన కందులుండె. ఇదేం దేవుడిచ్చింది గాదు. పస్తాపూర్ల డీడీఎస్, అదే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, 1983ల మొదలైనంక ఊరూరికి ఆడోళ్ల సంగాలు లేసినయి. కంట్రోల్ బియ్యం మీదనే బతుకుడెందుకని బీళ్లు దున్నినం, పండినకాడికి సంగం జొన్నలని పక్కకు తీసినం. ఎవరింట్ల పొయ్యి లేస్తలేదో నేల మీద ముగ్గేసి మేమే లెక్క తీసి, వాళ్లకే ముందు కొలిసినం. మగోళ్లు నవ్విరి. అట్ల నవ్విన ఒకాయన కరోనాల సోల పట్టుకోని మన గడపకే వచ్చిండు. ఎవరో చెప్పను తియ్, మీకు తెలిసినాయనే.

ఆ ఎండల్ల సంగం ఆడోళ్లు జహీరాబాద్ పోయి, సఫాయోళ్లకు, పోలీసోళ్లకు ఏడేడి అంబలి పోసిరి. వానలు పడ్డంక చేన్లల్ల జొన్నచెంచలి, దొగ్గలికూర మొలిసె. విత్తకుండ, మందుల్లేకుండ వచ్చే కూరలు గవి. మీ చిన్నత్త గవే తిన్నది, ఇంట్లనే కన్నది. పిల్లకు ఆరు నెల్లు దాటినంక తైదల జావ పట్టినం.

అప్పుడు సంకనున్న ఆ పోరడు ఇప్పుడు జొన్నరొట్టంటె మూతి ముడుస్తడు, నూడిల్స్ గావాల్నంటడు. వాని తల్లి మాత్రం కిరాయింటి అటక మీద డబ్బాల జొన్నలు పోసి పెట్టుకుంది. పురుగు బడితె నాకే ఫోన్ జేస్తది. యేపాకు కలుపమంటె పట్నంల యేపచెట్టెక్కడిదే అమ్మా అంటది.