జ్వాలకు కాపలా: వాయు కొలుముల భద్రతా చరిత్ర

ఈ భాగం చదివిన తర్వాత మీరు (1) వాయు కొలిమికి జ్వాలా పర్యవేక్షణ ఎందుకు అవసరమైందో, (2) ఆ పరికరాలు ఏ క్రమంలో మారాయో, (3) ఆ మార్పుకు అసలు కారణమేమిటో వివరించగలుగుతారు.

1. కంటి కాపలా

శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామగ్రికి పేరుపొందిన ఊరు. బొగ్గు కొలిమి దగ్గర పనిచేసే పోతపనివారికి కన్నే పరికరం. మంట రంగు చూసి లోహం ఎంత కాగిందో చెబుతారు. కొలిమి ఆరితే ఆ పూట పని చెడుతుంది, అంతే. ఇంధనం కదలకుండా కళ్ళెదుటే ఉంటుంది. విజయనగరం జిల్లా గరివిడిలో 1950లలో మొదలైన ఫెర్రో మాంగనీసు పరిశ్రమలో వేడినిచ్చేది విద్యుత్తు. కరెంటు పోతే వేడి ఆగిపోతుంది.

వాయు కొలిమి సంగతి వేరు. జ్వాల ఆరినా వాయువు వస్తూనే ఉంటుంది. అది గాలితో కలిసి కొలిమి నిండా చేరిన తర్వాత ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలుడు జరుగుతుంది. ఉత్తరాంధ్రలో ఇలాంటి కొలుములను పెద్ద ఎత్తున చూడదగిన చోటు విశాఖ ఉక్కు కర్మాగారం. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో పని ప్రారంభించింది. 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడ కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వెలువడే వాయువులనే ఇంధనంగా వాడుకుంటారు. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో ఎక్కువ భాగం నత్రజని. అందువల్ల దాని వేడి తక్కువ, జ్వాల బలహీనం. పైగా అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం. ఇక్కడ కంటి కాపలా చాలదు.

2. వేడిని నమ్మిన దశ

రెండు వేర్వేరు లోహాల అతుకును వేడి చేస్తే విద్యుత్తు పుడుతుందని సీబెక్ 1821లో గమనించాడు. థర్మోకపుల్‌కు ఇదే ఆధారం. జ్వాలలో ఉంచిన థర్మోకపుల్ ఇచ్చే కొద్దిపాటి విద్యుత్తు వాయు కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. జ్వాల ఆరితే అది చల్లబడుతుంది, కవాటం మూసుకుంటుంది. తీగ తెగినా కవాటం మూతపడుతుంది కాబట్టి ఇది నమ్మకమైన ఏర్పాటు. నేటికీ గృహోపకరణాలలో కనిపిస్తుంది. అయితే చల్లబడడానికి అర నిమిషం, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. పెద్ద బర్నర్ నుంచి ఆ కాస్త వ్యవధిలోనే ప్రమాదకరమైనంత వాయువు చేరుతుంది.

3. జ్వాలనే చూసిన దశ

జ్వాలలో విద్యుదావేశం గల అయాన్లు ఉంటాయి కాబట్టి అది విద్యుత్తును ప్రవహింపనిస్తుంది. మంటలో ఒక కడ్డీ ఉంచి, కడ్డీకీ బర్నర్‌కూ మధ్య ప్రవాహం ఉంటే జ్వాల ఉన్నట్టే అనుకోవచ్చు. కానీ కడ్డీపై మసి పేరుకున్నా, తేమ చేరినా ప్రవాహం కనబడుతుంది. మంట లేకపోయినా ఉందనిపిస్తుంది. దీనికి విరుగుడుగా ఏకాంతర విద్యుత్తును ప్రయోగించారు. కడ్డీ కన్నా బర్నర్ ఉపరితలం చాలా పెద్దది కావడంతో జ్వాల గుండా ప్రవాహం ఒక దిశలోనే అధికంగా సాగుతుంది. మసి గుండా అయితే రెండు దిశలలోనూ సమానంగా సాగుతుంది. ఈ తేడాతో అబద్ధపు సంకేతం బయటపడింది.

కాంతిని పట్టే పరికరాలకూ ఇదే చిక్కు ఎదురైంది. పరారుణ పరికరాన్ని ఎర్రగా కాలిన గోడ మోసగించగలదు. అందుకే మంటకుండే రెపరెపను మాత్రమే గుర్తించేలా దాన్ని మలిచారు. అతినీలలోహిత గొట్టానికి ఎర్రని గోడతో ఇబ్బంది లేదు. కానీ పాతబడిన గొట్టం మంట లేకున్నా సంకేతం ఇవ్వవచ్చు. అందువల్ల దాని ముందు ఒక మూత పెట్టి, కొన్ని క్షణాలకొకసారి మూసి పరీక్షిస్తారు. మూసినప్పుడూ సంకేతం వస్తే పరికరం చెడిందని తేలుతుంది, వాయువు ఆగిపోతుంది.

4. విశ్లేషణ

ఈ చరిత్రను కేవలం వేగం పెరిగిన కథగా చూడరాదు. లేని జ్వాలను ఉందని చెప్పే పరికరం కార్మికుని ప్రాణం తీస్తుంది. ఉన్న జ్వాలను లేదని చెప్పేది ఉత్పత్తిని మాత్రమే ఆపుతుంది. రెండూ తప్పులే అయినా సమానం కావు. కవాటం, కడ్డీ, మూత అన్నీ మొదటి తప్పును తగ్గించడానికి పుట్టినవే.

ఈ రెండో తప్పు వల్లనే మరో ప్రమాదం వస్తుంది. పని మాటిమాటికీ ఆగుతుంటే విసుగుతో పరికరాన్ని పక్కదారి పట్టించాలనే ఒత్తిడి పెరుగుతుంది. సుమారు 750 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలో గోడల వేడికే వాయువు అంటుకుంటుంది. చల్లని కొలిమిని వెలిగించేటప్పుడు ఆ రక్షణ ఉండదు. అందుకే ముందు గాలితో లోపలి వాయువును తరిమివేయడం, జ్వాల కనిపించకపోతే కొన్ని సెకన్లలోనే వాయువు ఆపడం తప్పనిసరి అయ్యాయి. తొందరలో ఈ క్రమాన్ని దాటవేస్తే ఎంత మంచి పరికరమైనా కాపాడలేదు.

సారాంశం

బొగ్గు నుంచి వాయువుకు మారడంతో కంటి కాపలా చాలకపోయింది. థర్మోకపుల్, జ్వాలా కడ్డీ, కాంతి పరికరాలు దాని స్థానాన్ని తీసుకున్నాయి. తమ లోపాన్ని తామే బయటపెట్టుకోగల పరికరాలను రూపొందించడమే ఈ పరిణామంలోని ప్రధాన ధోరణి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బొగ్గు కొలిమి ఆరిపోవడానికీ, వాయు కొలిమి ఆరిపోవడానికీ ఉన్న తేడాను వివరించండి.
2. జ్వాలా కడ్డీలో ఏకాంతర విద్యుత్తును ఎందుకు వాడారు?
3. మీ ప్రాంతంలో వాయువుతో పనిచేసే ఒక కొలిమిని గాని, పొయ్యిని గాని పరిశీలించి, మంట ఆరితే ఏం జరుగుతుందో అక్కడి పనివారిని అడిగి రాయండి.