ప్రభువు బల్ల దగ్గర పాత తగాదా

రొట్టె, ద్రాక్షారసాల్లో క్రీస్తు నిజంగా ఉన్నాడా? ఈ ప్రశ్న రాగానే చాలామంది నేరుగా 16వ శతాబ్దానికి దూకుతారు. ఉన్నాడని కథోలికులు, గుర్తు మాత్రమేనని ప్రొటెస్టెంట్లు, అంతే కథ అంటారు. కథ అంత తేలిక కాదు.

తొలి శతాబ్దాల్లో ఇగ్నేషియస్, జస్టిన్ అది క్రీస్తు శరీరమేనన్నారు. అగస్టీన్ శరీరమనీ అన్నాడు, సంకేతమనీ అన్నాడు. ఆ రెంటికీ పొసగదని ఆయనకు తోచలేదు. 9వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్సులోని కోర్బీ మఠంలో పస్కాసియస్ అది మరియ కన్న శరీరమేనని రాశాడు. రాజు చార్లెస్ అడిగిన మీదట అదే మఠానికి చెందిన రాత్రమ్నస్, క్రీస్తు శరీరమే గాని మర్మరూపంలో అన్నాడు. దీన్ని మహా సమరంగా వర్ణించేవారున్నారు. నాకు అలా కనిపించదు. రాత్రమ్నస్ తన పుస్తకంలో పస్కాసియస్ పేరైనా ఎత్తలేదు. బతికుండగా ఇద్దరిలో ఎవరికీ శిక్ష పడలేదు.

అసలు బిగింపు 11వ శతాబ్దానిది. తూర్ నగర పండితుడు బెరెంగార్, ప్రార్థన తర్వాత కూడా రొట్టె రొట్టెగానే మిగులుతుందన్నాడు. 1059లో రోములో రెండో నికొలాస్ పోపు ఎదుట, కార్డినల్ హంబర్ట్ రాసిన ప్రమాణం ఆయన చేత చదివించారు: గురువుల చేతులు విరిచేదీ, విశ్వాసుల పళ్లు నమిలేదీ క్రీస్తు శరీరాన్నేనని. 1079 ప్రమాణంలో పళ్ల ఊసు లేదు. సారం మారుతుందని మాత్రమే ఉంది. అంతమాత్రాన మొదటిదాన్ని రద్దు చేశారనలేం. గ్రేషియన్ దాన్ని చర్చి ధర్మశాస్త్ర సంకలనంలో చేర్చాడు. విరగడం, నమలడం పైకి కనిపించే రూపాలకే వర్తిస్తాయని వేదాంతి అక్వినాస్ సర్దిచెప్పాల్సి వచ్చింది. 1215 లాటరన్ సభ సారం మారుతుందన్న మాటనే ఖాయం చేసింది.

తమాషా ఏమిటంటే, పోపులతో తెగతెంపులు చేసుకున్న లూథర్ 1528లో ఆ 1059 ప్రమాణాన్నే మెచ్చుకున్నాడు. మరుసటి ఏడు మార్‌బుర్గ్‌లో, గుర్తు మాత్రమేనన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో 15 అంశాల్లో 14 కుదిరాయి. క్రీస్తు సాన్నిధ్యం దగ్గర మాత్రం ఆగిపోయింది. అంటే గీత కథోలికులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య పడలేదు, ప్రొటెస్టెంట్ల మధ్యనే పడింది. సిద్ధాంతం మాటకొస్తే, ఈ ఒక్క విషయంలో గుంటూరు లూథరన్లు ఒంగోలు బాప్టిస్టుల కంటే కథోలికులకే దగ్గర.

వివిధ క్రైస్తవ శాఖలు కలిసి రూపొందించిన 1982 లీమా పత్రాన్ని ఐక్యతకు మెట్టని పొగిడారు. భాష మృదువైనదే. కానీ ఈ తేడా సర్దుకోదగ్గదో కాదో సంఘాలే తేల్చుకోవాలని వదిలేసింది, దాన్ని పరిష్కారమనలేం. అంతకంటే 1947లో ఆంగ్లికన్లనూ మెథడిస్టులనూ ప్రెస్బిటేరియన్లనూ ఒకే బల్ల దగ్గరికి చేర్చిన దక్షిణ ఇండియా సంఘం చేసిందే ఎక్కువ. మన వేదాంత కళాశాలలు ఈ పాఠాన్ని లూథర్ సంస్కరణ మొదలైన 1517తో కాక 1059తో మొదలుపెట్టాలి.