పదకొండు సిక్సర్లు, తేలని మ్యాచ్

ఐపీఎల్ మొదలైందంటే గోదావరిఖనిలో బొగ్గుగని ఫస్ట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లకు టీ కొట్టు దగ్గర ఒకటే పంచాయితీ. సిక్సర్లు బాదేవాళ్లు లేకుండా టీమ్ గెలుస్తుందా, గెలవదా? ఇది ఫోన్లు పట్టుకున్న కుర్రకారు తెచ్చిన తగవు అనుకుంటాం గానీ, దీనికి చాలా వయసుంది. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో తెలుగు మూలాలున్న ఒకాయన ఒక్క ఇన్నింగ్స్‌లో పదకొండు సిక్సర్లు కొట్టాడు. 2026 డిసెంబరుకు ఆ ముచ్చటకు నూరేళ్లు నిండుతాయి.

అక్కడికి వెళ్లేముందు వెనకటి కథ గబగబా చెప్పేసుకుందాం. క్రికెట్‌కు నియమాలు రాసుకున్నది 1744లో. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా సిక్సర్ అంత తేలిగ్గా వచ్చేది కాదు. 1910 దాకా బంతి హద్దు గీత మీదుగా పోతే సరిపోదు, మైదానమే దాటి బయటపడాలి. 1899లో ఆల్బర్ట్ ట్రాట్ ఏకంగా లార్డ్స్ పెవిలియన్ మీంచి కొట్టినా ఆయన ఖాతాలో పడింది నాలుగు పరుగులే. మా కాలనీ రూలు ఇంకా కఠినం. క్వార్టర్ గోడ దాటితే ఔట్. పైగా ఇంటావిడ తిట్లు తిని బంతి తెచ్చేదీ కొట్టినోడే. అందుకే మా తరం ఖని పిల్లలకు సింగిల్స్ తీయడమే వచ్చింది.

మన దిక్కున ఆ రోజుల్లో ఎవరేం ఆడారు? దొరికేవి బొగ్గు తేదీలే. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1920 డిసెంబరు 23న సింగరేణి కంపెనీ ఏర్పడింది. మా ఖని ఉన్న రామగుండంలో తవ్వకం మొదలైంది 1961లో. మస్టర్ పుస్తకంలో హాజరు ఎక్కుతుంది గానీ ఆట ఎక్కదు. కాబట్టి ఆ ఏళ్లన్నీ దాటేసి నేరుగా బొంబాయికి పోదాం.

ఆ పదకొండు సిక్సర్లాయన కొఠారి కనకయ్య నాయుడు, అందరికీ సీకే. 1895లో నాగపూర్‌లో పుట్టాడు. పూర్వీకులది మచిలీపట్నం. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు మన దేశానికి వచ్చి బొంబాయిలో ఆ మ్యాచ్ ఆడేనాటికి ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లు. ఆ జట్టులో మారిస్ టేట్ ఉన్నాడు, జార్జ్ గేరీ ఉన్నాడు. హిందూస్ జట్టు మీద వాళ్లు ముందుగా 363 కొట్టారు. అందులో గై ఎర్ల్ ఒక్కడే 130 బాదాడు, ఎనిమిది సిక్సర్లతో. దొర ఆట అంటే ఇదీ అని నోళ్లు వెళ్లబెట్టిన జనం, మర్నాడు సీకే బ్యాట్ పట్టుకుని దిగేసరికి ఇంకో చిత్రం చూశారు.

పొడగరి. నిటారుగా నిలబడి, బంతి దగ్గరికి తానే నడిచి వెళ్లే మనిషి. నాకు ఇష్టమైనది ఆ నడకే. తెల్లదొర వేసిన బంతి తన దగ్గరికి వచ్చేదాకా ఆగే పని పెట్టుకోలేదు. వార్త ఊళ్లోకి పాకింది. ఆఫీసుల్లోంచి గుమాస్తాలు, కాలేజీల్లోంచి విద్యార్థులు పరుగెత్తారని, ఖాళీ లేక చెట్లూ మేడలూ ఎక్కారని చెప్పుకుంటారు. బాబ్ వ్యాట్ బంతిని ఎత్తికొడితే అది పోయి జింఖానా కప్పు మీద పడింది. 116 నిమిషాల్లో 153 పరుగులు! ఎంసీసీ వాళ్లే ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు.

ఇంత చేసినా మ్యాచ్ గెలిచారా? లేదు. హిందూస్ 356 దగ్గర ఆగారు, ఆట డ్రా అయింది. పదకొండు సిక్సర్ల 66 పరుగులు తీసేస్తే సీకేకు ఇంకా 87 మిగులుతాయి. ఆ 87ను మనం ఎవరం గుర్తుపెట్టుకోం. మ్యాచ్ తేలకపోయినా మరొకటి తేలింది. సొంత బోర్డు పెట్టుకోండని గిల్లిగన్ మనవాళ్లకు చెప్పాడు, 1928లో బోర్డు వచ్చింది. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు కెప్టెన్ సీకేనే. సిక్సర్లు ఆ రోజు గెలుపు తేలేదు, దేశానికి కుర్చీ తెచ్చిపెట్టాయి.

గెలుపు సంగతి వేరే చోట వెతకాలి. 1937-38 రంజీ ఫైనల్లో హైదరాబాద్ ఒకే ఒక్క వికెట్ చేతిలో ఉండగా నవానగర్‌ను ఓడించింది. ఎడుల్జీ ఐబారా 137తో చివరిదాకా నిలబడ్డాడు. బాదుడు కన్నా నిలకడే గెలిపించిందని ఇక్కడ తీర్పు చెప్పేసి వ్యాసం ముగిస్తే ఎంత బాగుండేది!

కానీ ఐపీఎల్ వచ్చి లెక్క చెడగొట్టింది. 2008లో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిది లాంటి బాదేవాళ్లున్న హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్ అట్టడుగున మిగిలింది. 2009 ఫైనల్లో గిల్‌క్రిస్ట్ సున్నాకే వెనుదిరిగినా అదే జట్టు ఆరు పరుగులతో కప్పెత్తింది. 2016 ఫైనల్లో గేల్ ఎనిమిది సిక్సర్లు కొట్టినా బెంగళూరు హైదరాబాద్ సన్‌రైజర్స్ చేతిలో సరిగ్గా ఎనిమిది పరుగులతో ఓడింది. సన్‌రైజర్స్‌ను నడిపించింది భువనేశ్వర్ బౌలింగ్ అందామంటే, ఆ రాత్రి వాళ్ల ఆటగాడు కటింగ్ 15 బంతుల్లో బాదిన 39 లేకపోతే? 2024లో సన్‌రైజర్స్ 178 సిక్సర్లతో రికార్డు కొట్టి, ఫైనల్లో 113కే కుప్పకూలింది. అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇదే గోల. 1906లో షికాగో వైట్ సాక్స్ సీజన్ మొత్తంలో ఏడే హోమ్ రన్‌లు, అంటే అక్కడి సిక్సర్లు, కొట్టి వరల్డ్ సిరీస్ గెలిచింది. 1927లో బేబ్ రూత్ ఒక్కడే అరవై కొడితే న్యూయార్క్ యాంకీస్ గెలిచింది. ఏ పక్షం వాళ్లకు ఆ పక్షం సాక్ష్యం దొరుకుతుంది.

మొన్న ఇదంతా టీ కొట్టు దగ్గర గనిలో తట్టతో టబ్బుల్లోకి బొగ్గు నింపిన ఓ రిటైర్డ్ కోల్ ఫిల్లర్‌కు చెప్పాను. "తట్ట తట్టకు టబ్బు నిండుతది బిడ్డా. ఒక్కపారే నింపుతనంటే నడుమిరుగుతది" అన్నాడు.

"మరి ఓపెన్‌కాస్ట్ సంగతేంది కాకా? ఒక్క బ్లాస్టింగుతో కొండంత బొగ్గు. ఇయ్యాల సింగరేణి బొగ్గంటే చానామట్టుకు ఆడిదే గదా?"

కాక గ్లాసు కింద పెట్టాడు. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి దిగారు. ఆ లెక్క ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

"సిక్సర్‌కు ఒక్కడు సాలు. సింగిల్‌కు ఇద్దరు ఉరకాలె" అని లేచి, టీ పైసలు ఇద్దరివీ తానే ఇచ్చేసి పోయాడు.